ముద్ద చేతికా, నోటికా

విమానాశ్రయానికి వెళ్ళి, కొత్తగా చేరే విదేశీ అమ్మాయిని తీసుకురమ్మని మా హాస్టల్ వార్డెన్ ఆంటీ నాకే చెప్పడానికి కారణం నా తెలివితేటలు కాదు. "బేటా, హిందీ రాకుండా ఇక్కడ మొదటి రోజు ఎలా ఉంటుందో నీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?" అంది నవ్వుతూ. ఒంగోలు నుంచి గ్రేటర్ నోయిడాకు చదువుకు వచ్చి ఏడాది దాటినా నా హిందీ 'భయ్యా, రోకో' దగ్గరే ఆగిపోయిన మాట నిజమే. అయినా మొహం మీదే అనాలా?

కోపం వచ్చింది గానీ, దానికంటే ఆశే ఎక్కువగా ఉంది. నా గదిలో రెండో మంచం వేసవి సెలవుల నుంచి ఖాళీ. అంతకుముందు నాతో ఉన్న మీరట్ అమ్మాయి తన స్నేహితుల గదికి మారిపోయింది. అంతస్తంతా హిందీలో గలగలలాడుతుంటే నేను తలుపేసుకుని అమ్మతో ఫోన్‌లో మాట్లాడుకునేదాన్ని. ఇప్పుడు ఇథియోపియా నుంచి ఇంజినీరింగ్ చదవడానికి ఒకమ్మాయి వస్తోంది, అదీ నా గదికే.

పొద్దున్నే కాలేజీ వ్యాన్‌లో వెళ్ళి, ఆమె పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డాను. నాకంటే జానెడు పొడుగున్న పిల్ల, ఓణీ లాంటి తెల్లటి నూలుబట్ట తల మీద కప్పుకుని వచ్చి, బుగ్గకు బుగ్గ ఆనించి మూడుసార్లు పలకరించింది. నమస్కారం పెట్టబోయిన నా చేతులు మధ్యలో నలిగిపోయాయి.

వ్యాన్ ఎక్స్‌ప్రెస్ వే ఎక్కాక ఆమె కిటికీకి అతుక్కుపోయింది. సగం కట్టి వదిలేసిన అపార్ట్‌మెంట్లు, వాటి నడుమ గేదెలు, మళ్ళీ అద్దాల భవనాలు. నేను ఇది ఫలానా, అది ఫలానా అని చెబుతుంటే, మధ్యలో మెల్లగా ఇంగ్లీషులో అసలు సంగతి చెప్పింది. ఆమెను ఇంత దూరం పంపడం వాళ్ళ నాన్నకు ఇష్టం లేదట. మొదటి రోజు గడిచాక సాయంత్రం ఫోన్ చేస్తాననీ, ఉండగలననిపిస్తే ఉండమనీ, లేదంటే మొహమాటపడకుండా తిరిగి వచ్చెయ్యమనీ అన్నారట. వాళ్ళ ఊరి కాలేజీలో సీటు కూడా వదులుకోలేదట.

"మరి నీకేమనిపిస్తోంది?" అన్నాను. మామూలుగానే అడిగినట్టు కనపడాలని కిటికీ బయటికి చూశాను.

"ఇంకా సాయంత్రం కాలేదుగా" అంది.

ఆ పూట నేను పడ్డ హైరానా మగపెళ్ళివారికి విడిది చూపించే వాళ్ళు కూడా పడి ఉండరు. నా కొత్త దుప్పటి ఆమె మంచం మీద పరిచాను. ఫ్యాను కిందికి ఆ మంచాన్నే జరిపాను. మొదటి క్లాసు గుమ్మం దాకా దిగబెట్టి, నా క్లాసు ఎగ్గొట్టి, అది అయిపోయేదాకా బయటే తచ్చాడాను. బయటికి వచ్చి "సార్ మాటలు సగం అందలేదు, బోర్డు మీద లెక్కలు మాత్రం మా దేశంలోవే" అని నవ్వింది. సగం గెలిచినట్టే అనుకున్నాను.

మధ్యాహ్నం మెస్‌లో కథ అడ్డం తిరిగింది. రాజ్మా గింజల కూర, అన్నం, రొట్టెలు. ఆమె నా పక్కకు జరిగి కూర్చుని రెండు ముద్దలు తింది. తరువాత అదే చేత్తో ఇంకో రొట్టె ముక్క తుంచి, రాజ్మా పెట్టి, జాగ్రత్తగా చుట్టి, సరాసరి నా నోటి దగ్గరికి తెచ్చింది. పుట్టినప్పటి నుంచీ ఎంగిలి, ఎంగిలి అని వింటూ పెరిగిన నా తల దానంతటదే వెనక్కి పోయింది. మర్యాదకు లోటు రాకూడదని, తీర్థం పట్టినట్టు అరచేయి చాపాను. ఆమె చేతిలో పెట్టలేదు. కాసేపు అలాగే పట్టుకుని తన కంచంలో పడేసింది. ఆ తరువాత ఒక్క మెతుకు ముట్టలేదు.

"దీదీ, ఖానా అచ్ఛా నహీ లగా?" అని వడ్డించే భయ్యా అడిగాడు. తిండి నచ్చలేదనే నేనూ అనుకున్నాను. గదికి వచ్చి ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నేను వరండాలోకి వెళ్ళి అమ్మకు ఫోన్ చేశాను.

"తిండే సయించకపోతే ఎట్టా ఉంటదమ్మా? ఎల్లిపోద్ది" అన్నాను, దాదాపు ఏడుస్తూ.

"ఆ రాజ్మాలు నీకే సయించలా, ఇంక ఆ పిల్లకేం సయిస్తయ్యే! ఆవకాయ సీసా ఉంది గదా, ఇంత అన్నం తెచ్చి కలిపి పెట్టు. అది గూడా నేనే చెప్పాలంటే, పిచ్చిమొహమా?"

సాయంత్రం కాబోతుండగా మెస్ నుంచి అన్నం తెచ్చాను. చిన్నప్పుడు మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని అమ్మ కలిపినట్టే, ఆవకాయా నెయ్యీ వేసి బేసిన్‌లో కలిపాను. వాసనకి ఆమె లేచి కూర్చుంది. ముద్ద చేసి "చెయ్యి పట్టు" అన్నాను. మా ఇంట్లో ముద్ద అరచేతిలోనే పడుతుంది. ఆమె చెయ్యి చాపలేదు. నా వంకే చూస్తూ నోరు తెరిచింది.

నోట్లో పెట్టాను. అప్పుడు వెలిగింది నాకు. రాజ్మా ఏ పాపమూ చెయ్యలేదు. దగ్గర చేసుకోదలచిన మనిషికి వాళ్ళ దేశంలో తమ చేత్తో నోట్లో ముద్ద పెడతారట. వద్దంటే, నువ్వు నాకేమీ కావని చెప్పినట్టట. ముద్ద మింగాక ఆమే చెప్పింది.

కారానికి ఏమవుతుందోనని నేను నీళ్ళ సీసా అందుకోబోతుంటే, "మా ఇంటి కారం దీనికేం తీసిపోదు" అని నవ్వి, తన చెయ్యి బేసిన్‌లో పెట్టింది. నా ముద్దలకు రెట్టింపు ముద్ద చేసి, నా నోటి ముందు ఆపింది. మా నాయనమ్మ చూసి ఉంటే నాకు తలస్నానం చేయించి గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. నోరు తెరిచాను. దవడలు నొప్పి పుట్టాయి. ఒకరికొకరం పెట్టుకుంటూ, మెతుకులు మంచమంతా రాలుస్తూ బేసిన్ ఖాళీ చేశాం. ఆ గదిలో నేనంత సంతోషంగా అంతకుముందెప్పుడూ లేను.

చేతులు కడుక్కోకముందే ఫోన్ మోగింది. తమ భాషలో ఆమె చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె మొహమే చూస్తూ మంచం మీది మెతుకులు ఏరాను. ఉన్నట్టుండి ఫోన్ నా వైపు చాపి "నాన్న నీతో మాట్లాడాలంటున్నారు" అంది. ఎడం చేత్తో అందుకున్నాను.

ఆయన ఇంగ్లీషులో ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడారు. "ఉంటానంటోంది. నాకు ఒక్కటి తెలియాలమ్మా" అన్నారు. మా అమ్మాయి తిన్నదా అని అడుగుతారనుకుని, ఆవకాయ గురించి చెప్పడానికి సిద్ధపడ్డాను.

"తను పెడితే నువ్వు తిన్నావా?"

"తిన్నాను, అంకుల్."

ఆ మాటను ఆయన పక్కనున్నవాళ్ళకి తమ భాషలో చెప్పారు. తరువాత, "అయితే ఉండనీ" అన్నారు.