డాక్టరమ్మను అడగని మాట

మొన్న సోమవారం పొద్దున మా చర్ల డాక్టరమ్మ పోయింది. భద్రాచలం దవాఖానాకు తీసుకపోతుంటే జీపులనే పాణం పోయిందట. డ్రైవర్ వచ్చి చెప్తే "నోర్ముయ్" అని వాని మీదికి పోయిన. ముందటి రోజు సాయంత్రం నాతోని నవ్వుకుంట మాట్లాడిన మనిషి కదా! ఇప్పటికీ నమ్మబుద్ధి అయితలేదు.

నేను ఎదురుకాళ్లతో పుట్టినోణ్ణి. గట్ల పుట్టినోడు కాలుతోని తొక్కితే పట్టు ఇడుస్తదని మా దిక్కు నమ్మకం. నడుము పట్టినోళ్లు, మెడ పట్టినోళ్లు మా ఇంటి ముందట లైను కట్టేటోళ్లు. నాకూ అదో గొప్ప. కట్టెల మోపులు మోసీ మోసీ మా అమ్మకు మెడ పట్టి, కుడిచెయ్యి తిమ్మిరెక్కితే ఆమె మెడ కూడ తొక్కిన. తెల్లారి అమ్మ చేతిలకెళ్లి చెంబు జారి పడ్డది. వేళ్లల్ల బలమే లేదు.

డాక్టరమ్మ నన్ను తిట్టిన తిట్లు బజారంత విన్నది. "మెడ అనుకున్నవా, గోడకు తొక్కే మట్టి అనుకున్నవా రా?" తర్వాత కూసోబెట్టి చెప్పింది. మెడ ఎముకల నడుమ మెత్తటి దిండు లెక్క డిస్క్ ఉంటదట. అది బయటికి ఉబ్బి నరాన్ని నొక్కితే నొప్పి చేతిలకు దిగుతదట. స్కాన్ కోసమైతే పట్నం పోవాలె, మాకేడ కుదురుతది? తలుపుకు గిలక కట్టించి, అమ్మ గడ్డం కింద బట్ట పట్టీ వేసి, మెడను మెల్లగ మీదికి గుంజేటట్టు తాడు కొసకు ఇసుక సంచి వేలాడదీసింది. మోపులు బంద్. "ఆగమాగం చేస్తే నరం అలుగుతది. ఓపిక పట్టు, చానమందికి కోత లేకుండనే తగ్గుతది" అన్నది. రెండు నెలలకు అమ్మ అదే చేతితోని నాకు అన్నం వడ్డించింది. ఆ చెయ్యి డాక్టరమ్మ పెట్టిన భిక్షే.

ఆనాటి నుంచి తొక్కుడు బంద్ పెట్టి ఆమె దగ్గరనే పనికి కుదిరిన. తాడు కట్టే ముందు ప్రతి ఒక్కరిని ఒక మాట అడగమని నేర్పింది: "మెడ తిప్పితే నొప్పి ఎక్కువైతదా?" మెడ ఎట్ల తిప్పినా నొప్పి మారకపోతే, అది ఇంకో కాడ పుట్టిందేమో చూడాలె అనేది. అడగకుండ సంచి ముట్టనిచ్చేది కాదు.

ఆదివారం సాయంత్రం "ఎడమచెయ్యి లాగుతుంది రా. నాకూ నీ గిలక యోగం పట్టింది, సంచి కట్టు" అన్నది. కట్టిన. ఆమె నుదురంత చెమట. "ఏందమ్మా గింత చెమట?" అంటే "ఎండకాలం చెమట పట్టక చలి పెడ్తదా?" అని నవ్వింది. నేనూ నవ్విన. అందరిని అడిగే మాట ఆమెను అడగలే. డాక్టరమ్మను నేనేం అడుగుత!

అది మెడ కాదు, గుండె అని భద్రాచలం డాక్టరు చెప్పిండట.

నిన్న సంచి దింపుదామని డాక్టరమ్మ గదికి పోయిన. ఆమె కుర్చీ తలుపు దిక్కు మొఖం పెట్టి అట్లనే ఉన్నది. తాడు ముట్టుకోంగనే, పాడు అలవాటు, నోట్లకెళ్లి మాట వచ్చేసింది.

"మెడ తిప్పితే నొప్పి ఎక్కువైతదా, అమ్మా?"

ఇసుక సంచి మెల్లగ ఊగుతున్నది.