జుంటా సార్

బోధన్ దగ్గరి ఒక చక్కెర మిల్లులో నేను కేన్ (చెరకు) ఇన్‌స్పెక్టర్‌ని. హోదా కేన్ ఆఫీసర్‌కు కింద, ఫీల్డ్‌మన్‌కు పైన. ఇద్దరి చీవాట్లూ అందే చోటు. స్వచ్ఛంద విరమణకు ముందటి ఏడు, చెరకు క్రషింగ్ ముగిసిన మార్చిలో, నాకొక కొత్త పని అప్పగించారు. స్పెయిన్‌లోని కాస్తీయా-లెయోన్ ప్రాంతం నుంచి ఒక వ్యవసాయ అధికారిణి వస్తున్నారు. రుద్రూర్‌లో ఒక చెరకు తోటకు ఉచితంగా డ్రిప్ పైపులు వేయించి ప్రయోగం చేస్తారు. ఆ ప్రాంతం ఎలాంటిదో ముందుగా రైతులకు చెప్పాలి.

భూగోళం నేను సొంతంగా నేర్చుకున్నదే. సముద్రం తగలని పీఠభూమి, మధ్యలో డ్వేరో నది, తొమ్మిది జిల్లాలు. వైశాల్యం తెలంగాణలో ఆరింట అయిదు వంతులు. జనం పాతిక లక్షల లోపే. చక్కెర తీసేది బీట్ దుంప నుంచి. ఇంతవరకు నా లెక్కలో తప్పు లేదు.

తర్వాత పరిపాలన దగ్గరికి వచ్చాను. అక్కడి ప్రభుత్వం పేరు జుంటా. జుంటా అంటే సైనిక పాలన అని పేపర్లలో ఏళ్లుగా చదువుతున్నవాణ్ణి. పైగా వాళ్ల స్వయంపాలన శాసనంలో రాజధాని పేరే లేదు. ప్రభుత్వం మాత్రం వయ్యదోలిద్‌లో ఉంటుంది. రాజధానిని దాచిపెట్టేది సైన్యం కాక ఇంకెవరు? రైతుల మీటింగులో అదే చెప్పాను.

ప్రయోగానికి ఎంపికైన తోట గంగారాంది. అతని బోరు అడుగంటుతోంది. పైపులు పడకపోతే తోట ఎండాకాలం దాటదు. అయినా అధికారిణి కారు దిగేసరికి అతను తోట గెట్టు మీద దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఫౌజోళ్ల పైపులు నాకొద్దు సార్. ఇయాల పైపులేస్తరు, రేపు భూమి మాదంటరు."

"అంతా ఉచితమే గంగారామన్నా," అన్నాను.

"గందుకే బుగులైతుంది."

ఆమె వెంట వచ్చిన దుభాషి ఇదంతా చెప్పాక ఆమె అయోమయంగా, ఏ సైన్యమని అడిగారు. అందరూ నా వైపు చూశారు. జుంటా అన్న పేరు చూసి నేనే అలా చెప్పానని ఒప్పుకున్నాను.

ఆమె ఓపికగా విడమరిచారు. ఆ మాటను పలికేది "హుంతా" అని. దానికి సభ అని అర్థం. ఓట్లతో గెలిచిన శాసనసభ్యులే దాని అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. రాజధాని ఏ ఊరో ఒప్పందం కుదరక శాసనంలో రాయలేదు, అంతే.

గంగారాం ఇంకా గెట్టు దిగలేదు. "ఓడిపోయినోళ్లు లొల్లి జేస్తరా? అడుగుండ్రి."

దుభాషి అడిగితే, బాగా చేస్తారని ఆమె నవ్వారు.

"గట్లయితే మనసొంటోళ్లే. రమ్మనుండ్రి అక్కను," అని పక్కకు జరిగాడు.

పైపులు పడ్డాయి; తోట నిలిచింది. నా విరమణ రోజున దండ వేస్తూ కూడా గంగారాం నన్ను "జుంటా సార్" అనే పిలిచాడు.

వైశాల్యాన్ని రెండు చోట్ల సరిచూసుకున్న నేను, ఆ ఒక్క మాటకు అర్థం ఎవరినీ అడగలేదు. ఈ పని అప్పగిస్తూ మిల్లు ఇచ్చిన కాగితంలో దుభాషి ఫోన్ నంబరు ఉంది. మీటింగుకు ముందు ఆ ఫోన్ చేయడం కూడా నా ఉద్యోగంలో భాగమే.