బియ్యం మూట, మంచు బూట్లు

ఆ రోజుల్లో కోకాపేట వైపు ఆఫీసుల్లో ఎవరైనా గట్టిగా నవ్వితే పక్కవాళ్ళు ఉలిక్కిపడి చూసేవారు. వారానికో కుర్చీ ఖాళీ అవుతుండేది. గాజు గదిలోంచి పిలుపొచ్చేది, వెళ్ళినవాడు మెడలో కార్డు లేకుండా బయటికొచ్చేవాడు. మేమంతా కంప్యూటర్ల వెనక తలలు దాచుకుని, పిలుపు మనకు రానందుకు దేవుడికి దండం పెట్టుకుని, పెట్టుకున్నందుకు సిగ్గుపడేవాళ్ళం. సరిగ్గా అలాంటి రోజుల్లో నాకు హిమాలయాలెక్కాలని బుద్ధి పుట్టింది. వినాశకాలే విపరీత బుద్ధి అని పెద్దలు ఊరికే అన్నారా!

నన్ను ఎగదోసింది మా అన్న. సొంత అన్న కాదు. కొండాపూర్‌లో నాతో పాటు ఒకే ఫ్లాటులో ఉంటూ, ఆఫీసులో నా పక్క సీట్లోనే కూర్చునే నిజామాబాద్ మనిషి. "ఒక్కపారి మంచుకొండ ఎక్కుదాం తమ్మీ, తర్వాత ఏమైనా ఫికర్ లేదు" అన్నాడు. మేం ఎంచుకున్నది గైడు వెంట ఉంటే కొత్తవాళ్ళు కూడా ఎక్కగలిగే శిఖరమే. అయినా చివరి రోజు నడుముకు తాడు కట్టుకుని మంచుగోడ పాకాలి. గోడ సంగతి అటుంచి, అసలు చిక్కంతా సెలవు దగ్గరుంది. మూడు వారాలు కావాలి. ఆ రోజుల్లో మూడు వారాల సెలవు అడగడమంటే మనమే వెళ్ళి గాజు గది తలుపు కొట్టడం. "ఇప్పుడే అడగకు. ముందుగాల తయారైదాం, జర గాలి మారినంక అడుగుదాం" అన్నాడు అన్న. కడప నుంచి మా అమ్మ మాత్రం ఫోన్లో ఒకటే పాట. "ఏమిటికిరా నీకా మంచు? మనింట్లో ఫ్రిజ్జు లేదా?"

గైడు (ఫోన్లో హిందీలో, ఏ తొందరా లేకుండా మాట్లాడే మనిషి) చెప్పింది రెండే ముక్కలు. బరువు మోస్తూ మెట్లు ఎక్కండి, దిగండి. దిగడమే ముఖ్యం, మోకాళ్ళు దెబ్బతినేది అక్కడే. రెండోది, బూట్లు ఇప్పట్నుంచే తొడిగి కాళ్ళకు అలవాటు చేయండి. మొదటి ముక్కలో మేం సగమే విన్నాం. పొద్దున్నే వీపు మీద బియ్యం మూట పెట్టిన బ్యాగుతో మా ఆఫీసున్న పదిహేడో అంతస్తు దాకా ఎక్కేవాళ్ళం. సాయంత్రం క్యాబ్ పోతుందని లిఫ్టులో దిగిపోయేవాళ్ళం. మొదట్లో నాకు చుక్కలు కనిపించాయి. పోను పోను గాల్లో తేలిపోతున్నట్టుండేది. "అన్నా, నా ఊపిరి చూశావా, కొండ ఇంక నాదే" అని విర్రవీగాను కూడా. ఒక ఆదివారం వంటింట్లోకి వెళ్ళి చూస్తే అన్న నా బ్యాగులో గ్లాసు ముంచి బియ్యం తీస్తున్నాడు. "ఏందన్నా ఇది?" అంటే, "దుకాణంకు పోవాల్నంటే బద్ధకమైతుంది రా, నీ బ్యాగుల మస్తుగున్నయ్ కదా" అన్నాడు. అంటే ఇన్నాళ్ళూ నా శిక్షణంతా పప్పు కలుపుకుని తినేశానన్నమాట.

ఇక బూట్లు. సెలవు దొరికినంకే కొంటానని అన్న దాటేశాడు, నేనొక్కణ్ణే కొన్నాను. మండుటెండల్లో మంచు బూట్లతో ఆఫీసుకొచ్చినవాణ్ణి లోకం చూడకుండా ఊరుకుంటుందా? భీమవరం నుంచి వచ్చిన మా మేనేజర్ గారు ఆగి, "ఏంటండీ ఆ బూట్లు?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు. "కాలు బెణికింది సార్, డాక్టర్ గిసుంటియే ఏసుకోమన్నడు." అంతే, ఆ క్షణం నుంచి నేను రోగిని. శిఖరం ఎక్కబోయేవాణ్ణి క్యాంటీన్‌కు కుంటుకుంటూ వెళ్ళేవాణ్ణి. (ఏ కాలు కుంటాలో మర్చిపోయి ఒకసారి రెండూ కుంటాను.)

గాలి మారలేదు. ఒక మధ్యాహ్నం పిలుపు నాకే వచ్చింది. గాజు గదిలో మేనేజర్ గారి కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. "పేర్లు పైనుంచే వచ్చాయండి, నా చేతిలో ఏమీ లేదు. కాలెలా ఉంది? ఇకనైనా కాస్త రెస్ట్ తీసుకోండి" అన్నారు. ఆ జాలి భరించలేకపోయాను. "కాలికేం కాలేదు సార్. హిమాలయాలెక్కాలని బూట్లు అలవాటు చేసుకుంటున్నా. సెలవడిగితే ఉద్యోగం పోతుందని అడగలేదు" అనేశాను. ఆయన నా బూట్లకేసి, నా మొహంకేసి మార్చి మార్చి చూశారు. "అయ్యో రామా! అడగాల్సిందండీ. సెలవైతే నా చేతిలో పనే కదా, ఇచ్చేసేవాణ్ణి!" మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టాను.

కార్డు లేనిదే లిఫ్టు కదలదు. సెక్యూరిటీ ఆయన "నా కార్డు ఉంది సార్, దింపుత రండ్రి" అన్నాడు గానీ, అన్ని మొహాల మధ్య నిలబడి దిగాలంటే చచ్చేంత సిగ్గేసింది. సామాను వీపున వేసుకుని మెట్ల తలుపు తోశాను. వెనక చప్పుడైతే చూస్తే అన్న. ఇద్దరం దిగడం మొదలుపెట్టాం. సగం దూరంలోనే నా మోకాళ్ళు గడగడలాడాయి. "జర మెల్లగ దిగు తమ్మీ, తొందరేం లేదు" అన్నాడు. "ఇప్పుడు సెలవు గొడవ లేదన్నా, నువ్వూ అడుగు, పోదాం" అన్నాను. అన్న నా వీపు మీది సామాను తన భుజానికి మార్చుకున్నాడు. "నేను అడుగలేను రా. భయమైతుంది. నా జీతం మీద ఇల్లు నడుస్తుంది. నువ్వు పోయిరా. వచ్చేదాంక కిరాయి పరేషాన్ నీకొద్దు" అన్నాడు. అంతవరకూ ఆపుకున్న ఏడుపు అక్కడ తన్నుకొచ్చింది. ఇద్దరం మెట్ల మీద కూలబడి ఏడ్చాం, ఎవరో తలుపు తీస్తే లేచాం.

వెళ్ళాను. ఎక్కాను కూడా. శిఖరం మీద ఏం చూశానో అడిగితే పెద్దగా చెప్పలేను, కళ్ళజోడంతా మంచు. దిగేటప్పుడు మాత్రం మోకాళ్ళు వణికిన ప్రతిచోటా "జర మెల్లగ తమ్మీ" అని నాకు నేనే చెప్పుకున్నాను, గైడుకు ఆ భాషేమిటో అర్థం కాలేదు.

ఇప్పుడు నాకు వేరే ఉద్యోగం, రెండో అంతస్తులో. ఆ బూట్లు కొండాపూర్ ఫ్లాటులోనే, అన్న దగ్గర ఉన్నాయి. ఆయన కాలికి పెద్దవి, అయినా పారేయనివ్వడు. "లీవు అడిగినంక రెండు జతల సాక్సులు ఏసుకుంట" అంటాడు. ఇంకా అడగలేదు. మొన్న కోకాపేట మీదుగా పోతూ ఆ భవనం ముందు బండి ఆపి, తలెత్తి మా అంతస్తు వెతికాను. అంత పైనుంచి మంచు బూట్లతో ఏడుస్తూ నడిచి దిగాడా ఆ పిచ్చోడు అని నవ్వొచ్చింది. బండి మళ్ళీ స్టార్ట్ చేస్తుంటే మోకాలు కలుక్కుమంది.