వాన పన్ను కొలిచిన ఏడు

పల్నాడులో ఒక చిన్న ఊరి మున్సిపల్ ఆఫీసులో, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. ఇళ్ళ ప్లాన్లు చూడటం, కట్టిన కొలతలు వాటితో సరిపోయాయో లేదో చూసి రావడం నా పని. అంతకుముందు మాచర్లలో ఉండేదాన్ని. మా ఆయన పోయాక ఆ ఇంట్లో ఉండబుద్ధి కాక, అడిగి మరీ ఈ ఊరికి బదిలీ చేయించుకున్నాను. మాకు పిల్లలు లేరు. ఇక్కడ పత్తి వ్యాపారం చేసుకునే దంపతుల ఇంట్లో మేడ మీద పోర్షన్ అద్దెకు దొరికింది.

ఆయన్ని అన్నయ్యా అని, ఆవిడని వదినా అని పిలిచేదాన్ని. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే వదిన వంటింట్లోంచే కేకేసేది.

"ఏం వదినా, ఒక్కదానివే పైన కూర్చొని ఏం జేస్తావు? రా, ఈ గోంగూర వలుద్దాం."

ఆ కేక వినబడేదాకా మెట్లు నెమ్మదిగా ఎక్కేదాన్ని. ఒక్కోసారి ఏదో మరిచిపోయినట్టు కిందికి దిగి, మళ్ళీ ఎక్కేదాన్ని కూడా. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ అది నిజం. గోంగూర వలుస్తూ ఆవిడ సీరియల్ చూసేది, నేను ఆవిడ ముఖం చూసేదాన్ని. రోజు మొత్తంలో నాతో ఆఫీసు పని కాని మాట మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

ఊరు మిట్ట మీద ఉంటుంది. పడమటి వైపు నేల పల్లంగా దిగి వాగులో కలుస్తుంది. ఆ పల్లంలో, వాగు పక్కన ఒక వీధి ఉంది. మెకానిక్కులు, కూలిపనివాళ్ళు, దర్జీలు ఉండే వీధి. మిట్ట మీద పదేళ్ళుగా గొడౌన్లు, ఫంక్షన్ హాళ్ళు లేచాయి. ప్రతి ఇంటి వాకిట్లో నాపరాళ్ళు పరిచారు. పడిన చినుకు పడినట్టే ఒకే ఒక్క ఇరుకు కాలువలోకి జారి ఆ పల్లపు వీధి మీద పడుతుంది.

రెండు వర్షాకాలాల కిందట మూడు రోజులు ఎడతెగకుండా కురిసింది. మూడోనాటి ఉదయం ఎన్ని ఇళ్ళు మునిగాయో రాసుకు రమ్మని మమ్మల్ని ఆ వీధికి పంపించారు. నడుం లోతు నీళ్ళలో నలుగురు మనుషులు ఒక తలుపు చెక్కను భుజాల మీద మోసుకొస్తున్నారు. దాని మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు లారీలు బాగుచేసేవాడు, పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. ఆ తలుపు వెనకాల, కొంగు తల మీదికి కప్పుకుని నడుస్తున్నది అతని భార్య. నా జాకెట్లు కుట్టే దర్జీ ఆమే. నన్ను చూడగానే ఆమె నోట వచ్చిన మొదటి మాట ఇది.

"మీ జాకెట్లు అటక మీద పెట్టా మేడం. తడవలా."

కుట్టుమిషను మాత్రం నీళ్ళలోనే ఉంది. పుస్తకంలో ఆమె ఇంటి నంబరు రాసుకున్నాను.

ఆ తరువాతే ఆఫీసులో ఈ మాట మొదలైంది. కాలువ వెడల్పు చెయ్యాలి, కల్వర్టు పెద్దది కట్టాలి, వాగు గట్టున గోడ లేపాలి. పైనుంచి వచ్చే నిధులు చాలవు, మిగిలింది ఊరే పెట్టుకోవాలి. ఎవరి స్థలంలోంచి ఎంత వాననీరు బయటికి పోతుందో దాన్నిబట్టి రుసుము వేద్దామని కమిషనరుగారు ప్రతిపాదించారు. కప్పు, గచ్చు, నాపరాళ్ళు లెక్కలోకి వస్తాయి. నీరు ఇంకే మట్టి వాకిలి రాదు. కాగితాల్లో దాని పేరు వాననీటి రుసుము. ఊళ్ళో మాత్రం ఒక్కరోజులో అది వాన పన్ను అయిపోయింది. కొలిచే పని నాకు అప్పగించారు.

టేపు అవతలి కొస పట్టుకోవడానికి మనిషిని ఇవ్వలేదు. ఏ ఇంటికి వెళితే ఆ ఇంటివాళ్ళనే పట్టుకోమనేదాన్ని. మొదటి వారం బాగానే గడిచింది. కూర్చోమన్నారు, టీ ఇచ్చారు.

"ఏందమ్మా, వానకి కూడా పన్నా?" అన్నాడు ఒక పెద్దాయన టేపు కొస పట్టుకునే.

"వానకి కాదు పెద్దయ్యా, మీ వాకిట్లోంచి బయటికి పోయే నీళ్ళకి."

"మరి ఎండకి ఎప్పుడు ఏస్తారు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. రెండో వారానికి ఆ నవ్వులు లేవు. నన్ను చూడగానే గేటు గొళ్ళెం పడేది. "మగాళ్ళు లేరు, మళ్ళా రా" అని లోపలి నుంచి మగగొంతే చెప్పేది. పొద్దున ఇడ్లీ తినే హోటల్లో నేను అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయేవి. నేను కూర్చున్న బల్ల దగ్గర మిగతా కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఆఫీసువాళ్ళకీ ఇబ్బందే. వాళ్ళ ఇళ్ళూ ఊళ్ళోనే కదా. మధ్యాహ్నం క్యారేజీ విప్పే వేళకి ఎవరి పని మీద వాళ్ళు లేచిపోయేవారు.

నేనుంటున్న ఇల్లు కొలవడం చివరిదాకా వాయిదా వేశాను. ఒక ఉదయం ఇక తప్పదని కిందికి దిగాను. వదినే టేపు పట్టుకుంది. ముందు వాకిలి కొలిచాం, పక్క సందు కొలిచాం. వెనక పత్తి బేళ్ళ కోసం ఆ ఏడే వేసిన పెద్ద రేకుల షెడ్డు ఉంది. అటు తిరగబోతుంటే ఆవిడ ఆగింది.

"దాన్ని ఒదిలెయ్ వదినా. ఎనకమాల ఉంది, ఎవరికి కనపడుద్ది?"

"కప్పు ఏదైనా రాయాలి. రూలు" అన్నాను.

ఆవిడ టేపు కొస మెల్లగా నేల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను దాని మీద ఒక ఇటుక పెట్టి షెడ్డు కొలుచుకున్నాను.

రాసినందుకు ఇప్పటికీ బాధపడను. చెప్పిన తీరుకే బాధ. ఆవిడ పక్కన కూర్చుని, తలుపు చెక్క మీద మోసుకొచ్చిన మనిషి సంగతి చెప్పి ఉండాల్సింది. ఇన్నాళ్ళు తన ఇంట్లో తిన్న మనిషి నోటి నుంచి రూలు అన్న మాట వినడం ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు.

ఆ సాయంత్రం నుంచి కేక ఆగిపోయింది. ఒక శుక్రవారం పులిహోర చేసి గిన్నెలో పట్టుకెళ్ళాను. "ఇయ్యాల నాకు ఉపవాసం" అంది గుమ్మంలోనే. అన్నయ్య తింటారేమో అనబోయి ఊరుకున్నాను. పైకి తెచ్చుకుని రెండు పూటలా అదే తిన్నాను. కింద సీరియల్ నడుస్తుంటే మాటలు సగం సగం వినిపించేవి. మిగతా సగం నేనే ఊహించుకుంటూ కూర్చునేదాన్ని.

అభ్యంతరాలు వినడానికి కౌన్సిల్ హాల్లో మీటింగు పెట్టారు. హాలు నిండిపోయింది. అన్నయ్య లేచి, గొంతు పెంచకుండానే మాట్లాడాడు.

"మా గొడౌన్ మీద పడే వాన మేం పిలిస్తే వచ్చింది కాదు. వాగు పక్కన ఇల్లు కట్టుకుంటే నీళ్ళు రాక ఏమొస్తయ్? దానికి మమ్మల్ని కట్టమంటే ఎట్టా?"

చప్పట్లు కొట్టారు. అవి ఆగాక వెనక గోడ దగ్గర నుంచి దర్జీ ఆమె చెయ్యెత్తింది. పిలిచేదాకా ఎత్తిన చెయ్యి దించలేదు.

"సార్, మా రేకుల మీద పడే వాన బొక్కెన్లో పట్టుద్ది. మా ఇంట్లోకి వచ్చింది మా వాన కాదు. మా తాత ఆడ ఇల్లు కట్టినప్పుడు పైనంతా జొన్న చేలు. ఎంత కురిసినా గడప దాటలా. మేం వాగు దగ్గరికి పోలా సార్, వాగే మా దగ్గరికి వచ్చింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నన్ను లేచి కొలతలు చదవమన్నారు. చదువుతుంటే అన్నయ్య అడిగాడు, షెడ్డు తాత్కాలికం కదా, లెక్కలోంచి తీసెయ్యొచ్చు కదా అని.

"ఉన్నన్నాళ్ళు లెక్కలో ఉంటుంది అన్నయ్యా" అన్నాను.

అన్నయ్యా అన్నది అలవాటుగా వచ్చేసింది. హాల్లో కొందరు తిరిగి చూశారు. ఆయన తల దించుకుని కూర్చున్నాడు.

కమిషనరుగారు అడిగినదానికన్నా తక్కువకే రుసుము ఖాయమైంది. చిన్న రేకుల ఇళ్ళకి మినహాయింపు ఇచ్చారు. రాళ్ళు తీసి మట్టి వాకిలి చేసుకున్నవాళ్ళకి, ఇంకుడు గుంత తవ్వుకున్నవాళ్ళకి రాయితీ ఉంటుందన్నారు. ముందు కాలువ, కల్వర్టు, తరువాత గోడ అని తీర్మానం రాశారు.

నెల తిరక్కుండా అన్నయ్య పైకి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"సరుకు పెట్టుకోవటానికి పోర్షన్ కావాలి. తప్పుగా అనుకోమాక చెల్లెమ్మా."

అనుకోనన్నాను. దాచేపల్లి వైపు సిమెంటు లారీలు పోయే రోడ్డు మీద ఒక గది దొరికింది. సామాను ఆటోలోకి ఎక్కిస్తుంటే వదిన గేటు దాకా వచ్చింది. ఆటో వంకే చూస్తూ అడిగింది.

"ఆడ మంచినీళ్ళు రోజూ వస్తయ్యా?"

"వస్తాయన్నారు వదినా."

సరేనన్నట్టు తలూపింది. మేమిద్దరం మాట్లాడుకోవడం అదే ఆఖరు. ఆ తరువాత బజార్లో రెండుసార్లు కనిపించింది. మొదటిసారి ఆవిడ తల తిప్పుకుంది. రెండోసారి నేనే ముందు తిప్పుకున్నాను. ఆ పని చేసినందుకు ఇంటిదాకా నన్ను నేను తిట్టుకున్నాను.

కిందటి వానాకాలానికి కాలువ వెడల్పయింది, కల్వర్టు పూర్తయింది. గట్టి వాన పడిన ఒక మధ్యాహ్నం గొడుగేసుకుని పల్లపు వీధికి వెళ్ళాను. నీళ్ళు కాలువ నిండా ఉరుకుతున్నాయి. వీధిలో చీలమండ దాకా ఉన్నాయి గానీ ఏ ఇంటి గడపా దాటలేదు. దర్జీ ఆమె నన్ను చూసి గబగబా స్టూలు తుడిచి వేసింది.

"మెట్టు దాకా వచ్చి ఆగినయ్ మేడం. చానా భయపడ్డాం. ఆగినయ్."

లోపల మంచం మీద నుంచి ఆమె భర్త ఎవరని అడిగాడు. "ఆఫీసు మేడం" అని చెప్పింది. నువ్వూ కూర్చోమంటే కూర్చోలేదు. నేనున్నంతసేపూ గోడకి ఆనుకుని నిలబడే ఉంది. కాసేపు మామూలు కబుర్లు చెప్పుకుందామని వెళ్ళాను. అలా నిలబడ్డ మనిషితో ఏం చెప్పను? అంతకుముందు ఇచ్చిన జాకెట్లు సంచిలో పెట్టి ఇచ్చింది. కూలి ఎంత చెప్పినా తీసుకోలేదు. డబ్బు మిషను మీద పెట్టి వచ్చేశాను. ఆమె నొచ్చుకుంది. అప్పటి నుంచి గుడ్డ పట్టుకుని ఆ గుమ్మం తొక్కాలంటే నాకు మొహమాటం.

గోడ ఇంకా మొదలు కాలేదు. మొన్న కమిషనరుగారు పిలిచి, ఈ ఊళ్ళో నీకు కష్టంగా ఉందని విన్నాను, నరసరావుపేటలో ఖాళీ ఉంది, బదిలీకి రాయమంటావా అని అడిగారు. ఆ మాట అడిగినందుకే కళ్ళు తడి అయ్యాయి. గోడ లేచేదాకా ఇక్కడే ఉంటానన్నాను. ఎందుకన్నానో నాకే సరిగ్గా తెలియదు. ఆయన సరేనని ఫైలు మూశారు. నేను నా సీటుకి వచ్చి, గోడ కొలతల కాగితం తీసుకుని పని మొదలుపెట్టాను.