ముగ్గురు పిల్లలు, ఒకటే ముఖం

పిల్లల మెదళ్ల మీద పరిశోధన చేసి, పుస్తకాలు రాసి, పెద్ద సభల్లో దండలు వేయించుకున్న మనిషిని నేను. ఆ సభలన్నిటికంటే ముందు ఇంకో సభ ఉంది. అది ప్రొద్దుటూరులో జరిగింది. అందులో నాకెవరూ దండ వెయ్యలేదు. నా పరువుతోపాటు మా ప్రొఫెసరుగారి పరువునూ, ముగ్గురు హెడ్మాస్టర్ల పరువునూ ఒకే వేదిక మీద, ఒకే పూటలో తీసేశాను. ఇంత పని ఒంటిచేత్తో చేసినవాణ్ని మా జిల్లాలో మళ్లీ చూడలేదు. వింటానంటే చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి, ఏమీ అనుకోను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు. మాది దువ్వూరు, మా నాయనది పౌరోహిత్యం. నేను ఎమ్మే చదివి విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరాను. విషయం ఏమిటంటే, చదువు అంటని పిల్లలు. వాళ్లకు కళ్లు బాగుంటాయి, చెవులు బాగుంటాయి, మాటకు మాట చెబుతారు. పలక ముందర కూర్చోబెడితే మాత్రం అక్షరం నిలవదు. మెదడు ఎదిగే వయసులో ఎక్కడో చిన్న తేడా వచ్చి ఇలా జరుగుతుందనీ, దాన్ని సోమరితనం అనుకుని తొడపాశం పెట్టకూడదనీ మా ప్రొఫెసరుగారి వాదం. దువ్వూరు మొత్తంలో ఈ వాదాన్ని నమ్మింది మా నాయన ఒక్కడే. అదీ నేను కొడుకును కాబట్టి.

ప్రొఫెసరుగారు కోస్తా మనిషి. మెత్తగా మాట్లాడుతూనే మెడ మీద కత్తి పెట్టేవారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో ఒక్కో బడికి పోయి, చదువులో బాగా వెనకబడ్డ పిల్లల్ని పరీక్ష చేసుకుని రమ్మన్నారు. వేసవిలోగా పని తేలకపోతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుందని కూడా అదే మెత్తని గొంతుతో చెప్పారు. అది ఆగితే నేను దువ్వూరు పోయి నాయన వెనకాల సంచి మోస్తూ తిరగాలి. నాకు సంధ్యావందనమే సగం వచ్చు.

తోలు సంచిలో బొమ్మల అట్టలూ రంగు చెక్కలూ వేసుకుని, నొక్కితే క్షణాలు లెక్కపెట్టే పరీక్ష గడియారం మెడలో తగిలించుకుని బయలుదేరాను. ఆ రోజుల్లో ప్యాంటు తొడుక్కుని సంచి పట్టుకుని బడి గడప ఎక్కేవాడు ఇన్‌స్పెక్టరు తప్ప ఇంకొకడు కాదు. నేను ఇన్‌స్పెక్టరును కానని మొదటే చెప్పాను. దాంతో వాళ్లకు ఉన్న ఆ కాస్త అనుమానం కూడా తీరిపోయింది. వీడు దొంగచాటుగా వచ్చిన ఇన్‌స్పెక్టరు అని ఖాయం చేసుకున్నారు.

ప్రొద్దుటూరు హెడ్మాస్టరు నన్ను కూర్చోబెట్టి సోడా తెప్పించాడు. మీ బడిలో బొత్తిగా చదువు రాని పిల్లల్ని చూపించమని అడిగాను.

"అట్లాంటోళ్లు మా బడిలో ల్యారు సార్."

"ఒక్కరు కూడా లేరా?"

ఆయన నా గడియారం వంక చూసి, కాసేపు ఆలోచించాడు. "ఒకతి ఉండాది సార్. శానా మొద్దు. రేపు రాండి, పిలిపిస్తా."

మరునాడు వచ్చింది మొద్దు. పేరు సరోజ. పదేళ్లుంటాయి. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, నుదుట బొట్టు, ముందుపన్ను కొంచెం విరిగి ఉంది. అంకెలు చెబితే వెనకనుంచి ముందుకు అప్పజెప్పింది. రంగు చెక్కలు నేను చూపించిన దానికంటే చక్కగా పేర్చింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే హెడ్మాస్టరు పక్కకొచ్చి, "ఇదే సార్ మా బడిలో అందరికంటే మొద్దు. ఇంక తక్కినోళ్ల సంగతి మీరే ఊహించుకోండి" అన్నాడు. ఊహించుకున్నాను. ఈ ఊళ్లో నాకు పని లేదనుకుని బస్సెక్కాను.

జమ్మలమడుగులో ఇంకో హెడ్మాస్టరు, అదే సోడా, అదే రేపు రమ్మనడం. మరునాడు వచ్చిన పిల్ల పేరు ఓబులమ్మ అన్నారు. ఒంటి జడ, చిలకపచ్చ పరికిణీ. పన్ను మాత్రం అక్కడే విరిగి ఉంది. నిన్ను నేనెక్కడన్నా చూశానా పాపా అని అడిగితే ఆ పిల్ల హెడ్మాస్టరు ముఖం చూసింది. ఆయన, అది ఊరి పొలిమేర దాటింది లేదు సార్ అన్నాడు. పరీక్ష మొదలుపెట్టాను. నేను తికమకలో ఉండి ఊరుకుంటే ఆ పిల్లే గుర్తు చేసింది.

"సార్, గడియారం నొక్కల్యా మీరు."

థ్యాంక్స్ చెప్పి నొక్కాను. పరిశీలనాశక్తి అమోఘం అని కాగితం మీద రాసుకున్నాను కూడా.

మీరు ఇప్పటికే కనిపెట్టేసి ఉంటారు. మీకేం, మీరు మనస్తత్వశాస్త్రం చదవలేదు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే పక్క ఊరి బడి నుంచి చురుకైన పిల్లల్ని అరువు తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టడం ఆ రోజుల్లో అందరికీ తెలిసిన మర్యాదే. అసలు సిగ్గుచేటు ఏమిటంటే, చిన్నప్పుడు నేను కూడా అట్లా అరువుకు పోయి, వేరే ఊళ్లో వేరే పేరుకు పలికి, బొరుగులు తిని వచ్చినవాణ్నే. అయినా నాకు తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందనే సామెత ఎవరి గురించి పుట్టిందో నాకు తెలియదు గానీ, నేను దాని కొలతలకు కుట్టించినట్టు సరిపోయాను.

పులివెందులలో ఆ పిల్ల పేరు మాబున్నీ. తల మీద గుడ్డ కప్పుకుని వచ్చింది. బొట్టు లేదు, కానీ బొట్టు పెట్టే చోట చర్మం గట్టిగా తుడిచినట్టు ఎర్రగా ఉంది. నేను మొదటి బొమ్మ తియ్యకముందే, "కుర్చీకి కాలు ల్యా సార్. దాని యెనక బొమ్మలో ఆవుకు తోక ల్యా" అనేసింది. నేను బొమ్మలు సంచిలో పెట్టేసి, మంచినీళ్లు అడిగి తాగి, ఆ పిల్ల చెప్పిన జవాబులన్నీ కాగితం మీద రాసుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది నేను చదివిన ఒక లావుపాటి పుస్తకం. మెదడులో ఒక చోట దెబ్బ తగిలిన కొందరికి ఎవరిని చూసినా ఒకే మనిషి వేషాలు మార్చుకుని వస్తున్నట్టు కనిపిస్తుందట. చిన్నప్పుడు మిద్దె మీద నుంచి పడి తలకు బొప్పి కట్టించుకున్న సంగతి కూడా వెంటనే గుర్తొచ్చింది. ఇంకేం కావాలి. ముగ్గురు పెద్దమనుషులు, ముగ్గురూ హెడ్మాస్టర్లు, అబద్ధం చెబుతారా? చెడిపోయింది నా మెదడే అని తీర్మానించుకున్నాను.

ఆ రోజు నుంచి నా అవస్థ చెప్పుకోలేను. ఏ ముఖం చూసినా అనుమానమే. తిరుగు బస్సులో కండక్టరును చూసి గుండె గుభేలుమంది. వచ్చేటప్పుడూ ఇదే ముఖం.

"అన్నా, మొన్న కూడా నువ్వేనా?" అన్నాను మెల్లగా.

"నేను గాక మా అవ్వ వస్తాదా డూటీకి? జరిగి కూర్చోప్పా," అన్నాడు.

ఆయన మాట నమ్మాలో వద్దో కూడా నాకు తెలియలేదు. దువ్వూరులో దిగి నాయనకు సంగతంతా చెప్పాను. ఆయన నా తల తడిమి, బొప్పి కోసం వెతికి, దేవుడికి మొక్కుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మద్దెల పోయి రోలుతో మొరపెట్టుకున్నట్టు ప్రొఫెసరుగారి దగ్గరికి పోయి, నా తల చెడింది, ఇంక పరిశోధనకు పనికిరాను, వదిలేస్తాను అన్నాను. ఆయన మూడు జవాబు పత్రాలూ చూశారు. మూడూ అచ్చుగుద్దినట్టు ఒకటే. మన పరీక్ష ఎంత నిక్కచ్చిగా ఉందో చూశావా అని సంతోషపడ్డారు. తర్వాత ఆఫీసు వాళ్లందరి ఫొటోలూ నాకు చూపించారు. అందర్నీ పేరుపేరునా గుర్తుపట్టాను. ఆయన కళ్లు మెరిశాయి.

"అంటే, నీ జబ్బు పిల్లల ముఖాల దగ్గరే. అందులోనూ కడప జిల్లా పిల్లల ముఖాల దగ్గరే. ఏమయ్యా, ప్రపంచంలో ఇలాంటిది ఎవరూ చూసి ఉండరు."

"మరి నా స్కాలర్‌షిప్పు?"

"పరిశోధకుడివిగా పోతే పోయావు. రోగివిగా ఉండిపో. నీ మీద నేనే రాస్తాను."

ఓదార్పంటే అలా ఉండాలి.

ప్రొద్దుటూరు బడి హాల్లో సభ పెట్టించారు. ప్రొఫెసరుగారి ఉపన్యాసం, ఆ తర్వాత నా ప్రదర్శన. ముగ్గురు హెడ్మాస్టర్లకూ కార్డులు వెళ్లాయి. ముగ్గురు పిల్లల్నీ తీసుకురండి, ఒకరి తర్వాత ఒకరు వేదిక ఎక్కుతారు, మీ బడులను మెచ్చుకుంటూ పైవాళ్లకు రాస్తాం అని వాటిలో ఉంది. ఆ చివరి మాట లేకపోతే వాళ్లు పిల్లలకు జ్వరమని చెప్పి తప్పించుకునేవాళ్లే. ఆశ చెడ్డది. ఒకరి తర్వాత ఒకరే కదా, తెర వెనక సర్దుకోవచ్చులే అనుకున్నారు.

హాలు నిండింది. బట్టల కొట్ల వాళ్లు, టీచర్లు, బడి పిల్లల తల్లులు, ముందు వరసలో విభూది పెట్టుకుని మా నాయన. ప్రొఫెసరుగారు లేచి, ఈ దురదృష్టవంతుడైన యువకుడికి ముగ్గురు వేర్వేరు పిల్లలు ఒకే పిల్లలాగా కనిపిస్తారు, చూడండి అని పరిచయం చేశారు. ఆడవాళ్లు అయ్యో పాపం అన్నారు. నేను కుర్చీలో రోగికి తగ్గట్టు కూర్చున్నాను.

సరోజ వచ్చింది, నమస్కారం పెట్టి పోయింది. ఎవరీమె అని ప్రొఫెసరుగారు అడిగారు. ప్రొద్దుటూరులో చూసిన పిల్ల అన్నాను. కొంచెంసేపటికి ఓబులమ్మ వచ్చింది. ఒంటి జడ సగమే అల్లి ఉంది. నాకైతే అదే పిల్ల సార్ అన్నాను. జనం గుసగుసలు పోయారు. మాబున్నీ రావడానికి ఇంకొంచెం ఆలస్యమైంది. తల మీద గుడ్డ ఉంది గానీ, తొందరలో చిలకపచ్చ పరికిణీ మార్చడం మరిచిపోయారు. నా చదువు, నా బతుకు అంతా ఇంతటితో సరి అనుకుని, ఈమె కూడా ఆ పిల్లలాగే ఉంది సార్ అని తల దించుకున్నాను.

అప్పుడు మా నాయన లేచాడు.

"అయ్యా, నాకు గూడా ఒకటే పిల్ల కనపడతాంది."

ప్రొఫెసరుగారు గబగబా ఏదో రాసుకుంటూ, "అలాగా, అయితే ఇది వంశపారంపర్యం" అన్నారు.

"మాకూ అంతే సామీ," అన్నాడు వెనక నుంచి బట్టల కొట్టాయన. ఆయన మా వంశం కాదు. ఆయన పక్కనున్నాయన చెయ్యెత్తాడు. తర్వాత హాలంతా చేతులే. ప్రొఫెసరుగారు రాయడం ఆపి, కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఆ పిల్లను తేరిపార చూశారు. ఆయన ముఖం పాలిపోయింది. నా చెవి దగ్గరికి వంగి అడిగారు.

"ఏమయ్యా, ఇది అంటుకుంటుందా?"

ఎంత వద్దనుకున్నా ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నవ్వాగదు. ఆ రోజు మాత్రం, ఏమో సార్ అని నిజాయితీగా చెప్పాను.

ఇంతలో తల్లుల్లోంచి ఒకావిడ లేచి, "ఏం తెగులప్పా మీకందరికీ? అది ఈ బడి పెద్దయ్యవారి కూతురు సరోజ. ఇందాకటి నుంచి తెర యెనకాల జడలిప్పతాండారు, అల్లతాండారు, చూడండి పోయి" అంది. ఎవరో తెర లాగారు. ముగ్గురు హెడ్మాస్టర్లు. ఒకాయన చేతిలో దువ్వెన, ఒకాయన నోట్లో ఎర్ర రిబ్బను, ఒకాయన చేతిలో బొట్టు తుడిచే తడిగుడ్డ. ముగ్గురూ ఒకే ఇంటి అల్లుళ్లని అప్పుడు తెలిసింది. సరోజ తండ్రి ప్రొద్దుటూరాయన, ఆ ఇంటి పెద్దల్లుడు. ఆ ఇంట్లో చదువులో గట్టిపిండం ఈ పిల్ల ఒక్కతే కావడంతో, ముగ్గురి పరువూ మోసే పని ఆమె మీద పడింది.

హాలు పగలబడి నవ్వుతుంటే సరోజ వచ్చి వేదిక అంచున కూర్చుంది. అలిసిపోయింది పాపం. ఇంకో ఊరు గూడా ఉండాదా సార్ అని నన్నడిగింది. లేదమ్మా అని, మరి మీ బడిలో నిజంగా చదువు రానివాళ్లు లేరా అన్నాను.

"ఎందుకు ల్యారు? మీరొచ్చిన దినం వాళ్లకు సెలవిచ్చి తరిమేసినారు. ఈ దినం గూడా లోపలికి రావద్దన్నారు. ఆ కిటికీ కాడ ఉండారు, చూడండి."

చూశాను. కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడుతూ, అందరికంటే ఎక్కువగా నవ్వుతున్నది వాళ్లే. నేను బయటికి పోయాను. వాళ్లలో ఒకణ్ని పేరు రాయమని పలక ఇచ్చాను. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చాయి. రాసేసి, మొట్టికాయ కోసం తల వంచుకుని నిలబడ్డాడు. అప్పటిదాకా నవ్వినవాడు ఒక్కసారిగా అంత చిన్నవాడైపోయాడు. ఆ తల నిమిరి, మళ్లీ రాయి నాయనా, నాకు బాగా చూడాలని ఉంది అన్నాను. వాడు నమ్మలేదు. నా చేతుల వంక చూస్తూనే రాశాడు. ప్రొఫెసరుగారు కూడా వచ్చి మెట్ల మీద కూలబడి, ఉపన్యాసం మాట మరిచిపోయి, ఆ పలకను అటు తిప్పి ఇటు తిప్పి చూస్తూ ఉండిపోయారు. నా పరిశోధన ఆ మెట్ల మీద మొదలైంది. స్కాలర్‌షిప్పు నిలిచింది. నా మీద రాస్తానన్న పుస్తకం మాత్రం ఆయన రాయలేదు.

అందుచేత, పాఠక మహాశయులారా, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నా కళ్లకూ ఒక హెడ్మాస్టరు మాటకూ తగాదా వస్తే, మెదడును అనుమానించే ముందు తెర లాగి చూస్తాను. కిటికీ బయట ఎవరున్నారో చూడకుండా ఏ బడిలోనూ సోడా తాగను. ఇది నా తల మీద ఒట్టు. ఆ తలకు ఏ జబ్బూ లేదని ప్రొద్దుటూరు ప్రజలు చేతులెత్తి సాక్ష్యం చెప్పారు. తెలివి ఉందని మాత్రం ఒక్కరూ చెప్పలేదు.