దిగమన్నా దిగని మంచె

ఇవాళ శృంగవరపుకోట దాటాక, అడవిలో చెట్టు మీద కట్టి అద్దెకిచ్చే చెక్కగది చూశాను. దాని కప్పు మీది తడి అడ్డాకుల వాసనకి మన పనసచెట్టు గుర్తొచ్చింది. ఒసే నేస్తాలూ, మీకూ గుర్తుందా? చిన్నప్పుడు పొలంగట్టున ఆ కొమ్మల మీద వెదుళ్లు పరిచి, పైన అడ్డాకులు కప్పి మనమే మంచె కట్టుకున్నాం.

ఆడపిల్లలు మంచెక్కితే పంట పండదని ఊళ్లో మాట. మా తాత కింద నిలబడి, "దిగండే, పంట పోద్ది" అని కేకలేశాడు.

"నాట్లెయ్యడానికి మేం కావాల. మంచెక్కితే పంట పోద్దేటి? దిగం," అన్నాను.

తాత చూస్తుండగానే నాయనమ్మ చోడి అంబలి చెంబు తాడుకి కట్టి మనకి పైకి పంపింది. ఆ ఏడూ పంట పండింది.

ఇందాక మా అబ్బాయి, "ఈ వయసులో నిచ్చెనెక్కడమేటమ్మా, కింద గది తీసుకుందాం," అన్నాడు. చెప్పులు వాడి చేతికిచ్చి ఎక్కేశాను. ఇది పైనుంచే రాస్తున్నాను. వాడింకా దిగమంటున్నాడు. టీ పైకే పంపమన్నాను.