డెబ్భై మూడు చీరల చుట్టు

మా అపార్టుమెంటు బ్లాకుల చుట్టూ ఉన్న కాలిబాటను నేను చీరతో కొలిచాను. జనవరి చివరి ఆదివారం పొద్దున్న ఏడుంపావుకు మొదలుపెట్టి ఎనిమిదీ ఇరవైకి ముగించాను. చీర ఒక కొస నా చేతిలో, రెండో కొస మా అమ్మాయి కూతురి చేతిలో. చీర నిలువునా చాపి, కొస ఆనిన చోట సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత నుంచి మళ్ళీ చాపడం. సరిగ్గా డెబ్భై మూడు చీరలు వచ్చాయి. చీర అయిదున్నర మీటర్లు కనుక చుట్టు నాలుగు వందల ఒకటిన్నర మీటర్లు.

కొలవడం ఎందుకంటే, నా మనవరాలు సెకండరీ రెండో ఏడు, అంటే మన ఎనిమిదో తరగతి, చదువుతోంది. ఈ దేశపు బళ్ళలో పాఠాలయ్యాక ప్రతి పిల్లా ఏదో ఒక ఆటలోనో క్లబ్బులోనో ఉండాలి. మా పిల్ల పర్యావరణ క్లబ్బులో ఉంది. కానీ దాని కళ్ళన్నీ పరుగుల జట్టు మీద. కిందటేడు బడి పరుగులో చివరినుంచి మూడోదిగా వచ్చింది. ఆ రోజే పట్టుపట్టింది. రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు పదమూడు నిమిషాల్లోపు పరిగెత్తితే జట్టులోకి తీసుకుంటానని కోచ్ చెప్పాడు. పరీక్ష మార్చి మొదటి మంగళవారం.

దూరం ఫోను చెబుతుంది కదా అని మీరు అడగవచ్చు. నేనూ ముందు దాన్నే నమ్మాను. ఎత్తైన బ్లాకుల మధ్య ఆ ఫోను గీసిన గీత చూస్తే పిల్ల రెండుసార్లు గోడలోంచి దూరి, ఒకసారి ఎవరి వంటింట్లోంచో బయటికి వచ్చినట్టుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వాసుపత్రి మందుల స్టోరులో పనిచేసినదాన్ని. అలాంటి లెక్కలు నాకు పనికిరావు. దర్జీ టేపు నూట యాభై సెంటీమీటర్లే. అందుకని బీరువాలోంచి పాత నీలం నూలు చీర తీశాను.

రోజూ పొద్దున్న బెంచీల దగ్గర చేతులు ఊపుకుంటూ వ్యాయామం చేసే చైనా ముసలాయన ఒకరున్నారు. మేము చీర చాపుకుంటూ పోతుంటే ఆగి చూశారు.

"ఆంటీ! కొత్త ఎమ్మార్టీ రైలు లైన్ ఆహ్? స్టేషన్ ఎక్కడ?"

"మీ బెంచీ కిందే," అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

"గుడ్, గుడ్. నా మోకాళ్ళకి దగ్గర."

మనవరాలు సిగ్గుతో చీర కొస మొహానికి అడ్డం పెట్టుకుంది. "అమ్మమ్మా, త్వరగా లా. ఎవరైనా ఫ్రెండ్ చూస్తే నేను చచ్చిపోతా." మాట చివర 'లా' తగిలించడం ఇక్కడి పిల్లల అలవాటు.

"చచ్చేముందు కొస గట్టిగా పట్టుకో, వదులైంది."

ఆరు చుట్లంటే రెండు వేల నాలుగు వందల తొమ్మిది. ఆ తొమ్మిది మీటర్లు ఊరికే ఎందుకు పరిగెత్తాలి? దర్జీ టేపును ఆరుసార్లు పరిచి, మొదలుపెట్టే గీతను అంతమేర ముందుకు జరిపాను.

మర్నాటి నుంచి సోమవారం మొదలు శుక్రవారం దాకా రోజూ సాయంత్రం ఆరున్నరకు పిల్ల పరుగు, బెంచీ మీద నేను, నా చేతిలో స్టాప్‌వాచ్, ఒళ్ళో నోటు పుస్తకం. వాళ్ళమ్మ చాంగీ బిజినెస్ పార్క్‌లో ఆఫీసు నుంచి మేముండే బుకిట్ బటోక్ చేరేసరికి ఎనిమిది దాటుతుంది కనుక ఈ ఉద్యోగం నాదే. బడివాళ్ళు ప్రతి పిల్లకూ ఒక కాగితం ఇచ్చారు. నీ లక్ష్యం ఏమిటి, ఈ వారం ఏం చేశావు, నీకు ఏది తోడ్పడింది అని. దాని కింద ప్రతి వారం పెద్దవాళ్ళు సంతకం చెయ్యాలి. నేను సంతకం పక్కన తేదీ, సమయం, గాలిలో ఉక్క ఎలా ఉందో కూడా రాసేదాన్ని.

మొదటి రోజు పదహారు నిమిషాల యాభై సెకన్లు. రెండో వారానికి పదిహేనూ నలభై. నాలుగో వారానికి పద్నాలుగూ యాభై. అక్కడినుంచి గడియారం మొండికేసింది. అయిదో వారంలో అన్నిటికన్నా మంచి రోజు పద్నాలుగు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు. ఇంకా నిమిషం ముప్పై ఎనిమిది ఎక్కువ.

ఆ రోజు పిల్ల నా పక్కన కూలబడి నీళ్ళ సీసా మూత కూడా తియ్యలేదు.

"నేను వెళ్ళను అమ్మమ్మా. సోమవారం లోపు పేరు విత్‌డ్రా చేసుకోవచ్చు. అందరి ముందు లాస్ట్ రావడం మళ్ళీ నా వల్ల కాదు."

నోటు పుస్తకం తిరగేశాను. అంకెలు దాని మాటనే బలపరుస్తున్నాయి. ఉన్నది ఉన్నట్టు రాసినందుకు మొదటిసారి నా అంకెల మీద నాకే కోపం వచ్చింది.

ఆ వారమే పర్యావరణ క్లబ్బు పాత బట్టలు అడిగింది. ప్లాస్టిక్ సంచులు మానడానికి పిల్లలే గుడ్డ సంచులు కుడతారట. నీలం చీర పని అయిపోయింది కదా అని బుధవారం ఇచ్చి పంపాను. సంచికి డెబ్భై సెంటీమీటర్ల గుడ్డ పడుతుందని పిల్ల చెప్పింది. "ఏడు సంచులు వస్తాయి, అరవై సెంటీమీటర్లు మిగుల్తుంది. ఆ ముక్క వెనక్కి తే, గట్టు తుడుచుకోవడానికి ఉంటుంది," అన్నాను.

శుక్రవారం ఆఖరి పరుగు కూడా అయ్యాక, నాకు చూపించడానికి తెచ్చిన సంచులు ఇంట్లో టేబుల్ మీద పోసింది.

"నైన్ వచ్చాయి అమ్మమ్మా."

"ఏడు."

"నైన్ లా. లెక్కపెట్టుకో."

లెక్కపెట్టాను. తొమ్మిది. "నా మిగులు గుడ్డేదే?"

"మిగల్లేదు. కరెక్ట్‌గా సరిపోయింది. టీచర్ ముందే టేప్ పెట్టి కొలిచింది, సిక్స్ పాయింట్ త్రీ మీటర్స్."

"మీ టీచరు టేపు తప్పు."

"ఫోన్ తప్పు, టీచర్ టేప్ తప్పు. నువ్వొక్కదానివే రైట్!"

సంచులు ఒక్కొక్కటే తిరగేశాను. ఒక సంచి అంచు దగ్గర అడ్డంగా సన్నటి తెల్ల గీత కనిపించింది. ఆ గీత ఏమిటో తెలియని ఆడది మా వైపు ఉండదు. జాకెట్టు ముక్క ఎక్కడ కొయ్యాలో చూపడానికి నేతవాళ్ళు వదిలే గుర్తు. ఆ చీర మీదికి నేను ఎప్పుడూ తెల్ల జాకెట్టే వేసుకున్నాను, ముక్క కొయ్యనే లేదు. ఆ చీర కడితే రెండు మూడు కుచ్చిళ్ళు ఎక్కువ వచ్చేవి. పన్నెండేళ్ళుగా ఆ సంగతి నా నడుముకు తెలుసు, నా లెక్కకు తెలియలేదు.

అయిదున్నర కాదు. ఆరు మీటర్ల ముప్పై.

నోటు పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. డెబ్భై మూడు ఆర్లు నాలుగు వందల ముప్పై ఎనిమిది అంటూ గొణుగుతుంటే పిల్ల అన్నం తింటూ నా వంక చూస్తోంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఒకటే వచ్చింది.

"ఇలా రా. నువ్వు రోజూ పరిగెత్తింది రెండు వేల నాలుగు వందలు కాదు. రెండు వేల ఏడు వందల యాభై మీటర్ల నలభై సెంటీమీటర్లు. నీ పద్నాలుగూ ముప్పై ఎనిమిదిని అసలు దూరానికి సరిచేస్తే పన్నెండు నిమిషాల నలభై ఆరు సెకన్లు."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అంటే?"

"అంటే నువ్వు పాసయ్యావు. నేను ఫెయిలయ్యాను."

"నువ్వు తప్పు కొలిచావా? నువ్వా?"

"నేనే."

"ఆగు, మళ్ళీ చెప్పు. రికార్డ్ చేసి మమ్మీకి పంపిస్తా."

చెప్పాను. రెండోసారి కూడా చెప్పించుకుంది, మొదటిసారి నవ్వులో నా మాట వినపడలేదట. చైనా కొత్త సంవత్సరానికి రెండు రోజులు, పిడుగుల హెచ్చరికకు ఒక రోజు పోగా ఇరవై రెండు పరుగులు. నా మూలంగా ఆ పిల్ల ఏడు వేల ఏడు వందల ఎనిమిది మీటర్ల ఎనభై సెంటీమీటర్లు ఉత్తిపుణ్యానికి పరిగెత్తింది. ఆ మాట కూడా చెప్పి క్షమించమన్నాను.

"ఆ ఎనభై సెంటీమీటర్లు కూడానా!" అని నా మెడ చుట్టూ చెయ్యి వేసింది. చెయ్యి ఎంగిలిదే. నేను దగ్గరికి లాక్కున్నాను.

సోమవారం పేరు వెనక్కి తీసుకోలేదు. మంగళవారం బడి మైదానం కంచె పట్టుకుని నిలబడ్డాను. అయిదో చుట్టులో దాని ముందు పదకొండు మంది. ఆరో చుట్టు సగంలో ఏడుగురు. గీత దాటి, అలవాటు చొప్పున ఇంకా కొంత దూరం పరిగెత్తుతూనే పోయింది. కోచ్ చేతులు ఊపి ఆపాల్సి వచ్చింది. ఆయన గడియారంలో పన్నెండూ నలభై ఒకటి, నా దాంట్లో నలభై రెండు. ఆయనదే సరైనదై ఉంటుంది.

బడి కాగితంలో 'నీకు ఏది తోడ్పడింది' అన్న చోట పిల్ల 'మా అమ్మమ్మ కొయ్యని జాకెట్టు ముక్క' అని ఇంగ్లీషులో రాసింది. టీచరుకు అర్థం కాక వివరించమని తిప్పి పంపింది. సంతకం పక్కన లెక్క మొత్తం చేసి పంపాను. నోటు పుస్తకంలో ఇరవై రెండు వరుసలూ ఎర్ర సిరాతో సరిచేశాను.

సుద్ద గీతలు చెరిపి సరైన దూరానికి కొత్తవి గీస్తానంటే పిల్ల ఒప్పుకోలేదు. పాత చుట్టే కావాలంది. ఇప్పుడు జట్టు షర్టు వేసుకుని దాని మీదే పరిగెత్తుతోంది, బూట్లు నీలం సంచిలో పెట్టి నా ఒళ్ళో పడేసి. నిన్న సాయంత్రం ఆ ముసలాయన కూడా బెంచీ మీద ఉన్నారు.

"ఆంటీ, ఎమ్మార్టీ స్టేషన్ ఎప్పుడు ఓపెన్?"

నేను నోరు తెరిచేలోగా మా ముందునుంచి దూసుకుపోతూ పిల్ల అరిచింది, "ఓపెన్ అయింది అంకుల్! ట్రెయిన్ ఇప్పుడే వెళ్ళింది!"